అర్జీ క్లోజయింది, కుళాయి నీళ్ల వాసన పోలేదు

రాయలసీమలోని ఒక గ్రామ సచివాలయం నుంచి పంచాయతీ కార్యదర్శి ఒకరు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు, ఊరు బయటపెట్టవద్దన్నారు. వయసు 31. నాలుగేళ్ల పాప ఉంది. 2019 తొలి నియామకాల్లోనే ఉద్యోగంలో చేరారు. మొదటి రెండేళ్లు పని ఎంత ఉన్నా ఇష్టంగా చేశారట, నీళ్లు వదిలే టైముకి వీధుల్లో తిరిగేవారట. ఇప్పుడు సచివాలయం మెట్లు ఎక్కాలంటేనే గుండె దడగా ఉంటోందని, రాత్రి రెండింటికి మెలకువ వస్తే మళ్లీ నిద్ర పట్టడం లేదని రాశారు.

పొద్దున ఏడింటికి ఒక టెలికాన్ఫరెన్స్, రాత్రి తొమ్మిదింటికి ఇంకొకటి. ఇంటి పన్నులోనో, సర్వేలోనో, అర్జీల్లోనో వెనకబడిన పంచాయతీల పేర్లు ఎర్ర రంగులో మండల వాట్సాప్ గ్రూపులో పడతాయి. అందరూ లైన్లో ఉండగా "జీతం దేనికి తీసుకుంటున్నావు?" అని అడుగుతారు. ఆమె ఫోనులో ఆఫీసు గ్రూపులే పద్నాలుగు. సచివాలయంలో మిగతా ఆరుగురిదీ ఎవరి దారి వారిది. "అది మా డిపార్ట్‌మెంట్ కాదు మేడం" అన్న మాట రోజూ వింటారు. చేసేవాళ్ల మీదే పని పడుతోంది, చేయనివాళ్లను అడిగే దిక్కు లేదు. మూడు నెలలుగా జీతం అందని వాటర్ మ్యాన్‌ను మొన్న అందరి ముందూ తానూ "జీతం దేనికి" అన్న మాటే అనేశానని, అన్నాక సిగ్గేసిందని రాశారు.

ఆమెతో ఈ ఉత్తరం రాయించింది ఒక అర్జీ. ఊరి చివరి వీధిలో ఒక పెద్దాయన, కుళాయి నీళ్లు వాసన వస్తున్నాయని పెట్టుకున్నారు. మురుగు కాలువ పక్కన పైపు లీకవుతోంది. గడువు ఆ సాయంత్రంతో ముగుస్తుంది. "ఫొటో పెట్టి క్లోజ్ చెయ్యి, తర్వాత చూసుకుందాం" అని పైనుంచి ఫోను వచ్చింది. పైపుకి సైకిల్ ట్యూబు చుట్టించి, ఫొటో తీసి, పరిష్కరించామని తన లాగిన్‌లోనే క్లోజ్ చేశారు. నాలుగో రోజు ఆ పెద్దాయన బటన్ ఫోను పట్టుకుని సచివాలయానికి వచ్చారు. "ఏదో మెసేజ్ వచ్చిందమ్మా, నాకు చదవను రాదు, ఏముందో చెప్పు" అన్నారు. మీ సమస్య పరిష్కారమైందని ఆమే చదివి వినిపించారు. ఆయన ఏమీ అనలేదట. ఫోను జేబులో పెట్టుకుని వెళ్లిపోయారట.

బదిలీ పెట్టుకోనా, పైవాళ్లకు ఫిర్యాదు చేయనా, మానేసి బ్యాంకు పరీక్షలకు చదువుకోనా, లేక అందరిలా నేనూ సర్దుకుపోనా? ఇదీ ఆమె ప్రశ్న.

సమాధానం

మీ ఉత్తరంలో "నేను బద్ధకస్తురాలినైపోయాను" అన్న మాట మూడు చోట్ల ఉంది. ముందు దాన్ని పక్కన పెట్టండి. ఊరు అదే, ఉద్యోగం అదే, మనిషీ మీరే. తెల్లవారుజామున వీధుల్లో తిరిగిన మనిషి ఇప్పుడు మెట్లెక్కడానికి భయపడుతోందంటే, మధ్యలో ఏం మారిందో చూడాలి. మీరు మూడు సంగతుల్ని ఒకే ముద్దగా చేసి మోస్తున్నారు. మొదటిది వ్యవస్థ కట్టుబడిలో ఉన్న చిక్కు. రెండోది మండలంలో పని అడిగే తీరు. మూడోది మీ చేత్తో జరిగిన ఆ అర్జీ. మూడింటికీ మందు వేరు. మొదటిదాన్ని మీరొక్కరే మార్చలేరు, రెండోదాన్ని కొంత మార్చగలరు. మూడోది పూర్తిగా మీ చేతిలోనే ఉంది.

మీ సహోద్యోగుల సంగతితో మొదలుపెడతాను, ఎందుకంటే వాళ్ల మీద మీ కోపం కొంత తప్పు చోట పడుతోంది. 2019 అక్టోబరు 2న సచివాలయాలు మొదలైనప్పుడు ఉద్దేశం మంచిదే: రెండువేల జనాభాకు ఒక ఆఫీసు, అన్ని శాఖల మనుషులూ ఒకే కప్పు కింద. కానీ కప్పు ఒకటే అయింది, పగ్గాలు ఎవరివి వాళ్ల దగ్గరే ఉండిపోయాయి. వీఆర్వో, సర్వేయరు రెవెన్యూ వైపు చూస్తారు. ఏఎన్ఎం పీహెచ్‌సీ డాక్టరు మాట వినాలి. వ్యవసాయ అసిస్టెంటుకు మండల వ్యవసాయ అధికారి, పశుసంవర్ధక అసిస్టెంటుకు పశువుల డాక్టరు, మహిళా పోలీసుకు స్టేషను, లైన్‌మన్‌కు విద్యుత్ ఏఈ. "మా డిపార్ట్‌మెంట్ కాదు" అన్న మనిషికి ఆ సాయంత్రం తన శాఖ గ్రూపులో తన పేరు ఎర్రగా పడకుండా చూసుకోవాలి. మీ పని చేసిపెట్టినందుకు ఆయనకు అక్కడ ఒక్క మార్కూ రాదు. పైగా వాలంటీర్లు చేసిన ఇంటింటి పని మీ అందరి మీదా పడింది. 2024 జులై నుంచి పింఛన్లు పంచేదీ మీరే. 2025లో జనాభాను బట్టి ఏ, బీ, సీ అని విడగొట్టి ఒక్కో సచివాలయానికి ఆరుగురు, ఏడుగురు లేదా ఎనిమిది మందికే పరిమితం చేశాక చేతులు ఇంకా తగ్గాయి. ఇలాంటి చోట ఎవరి గిరి వాళ్లు గీసుకోవడం స్వభావం చెడ్డదై కాదు, బతకడానికి నేర్చుకున్న అలవాటు. అలవాటు గనుక కొంత మార్చవచ్చు. ఆ సంగతికి తర్వాత వస్తాను.

ఇక మండలంలో పని అడిగే తీరు. పని ఎక్కువైతే మనిషి అలసిపోతాడు, పడుకుని లేస్తే తేరుకుంటాడు. పని ఎక్కువై, అది ఎప్పుడు ఎలా చేయాలో తన చేతిలో లేకపోయి, పైన నలుగురిలో మాట కూడా పడితే ఎంత నిద్రపోయినా ఆ అలసట తీరదు. మీ గుండె దడ అక్కడిదే. పని మీద దాని దెబ్బ ఇంకా లోతుగా ఉంటుంది. తిట్టు తప్పించుకోవడమే రోజువారీ లక్ష్యమైన ఆఫీసులో చెడు కబురు పైకి పోవడం ఆగిపోతుంది. లీకు ఉందన్నవాడికే తిట్లు పడుతున్నప్పుడు లీకు ఉందని ఎవరు చెబుతారు? పైవాళ్లు లెక్కలు చూసే డ్యాష్‌బోర్డు పచ్చగానే ఉంటుంది, నీళ్లు మాత్రం వాసన వస్తుంటాయి.

నొచ్చుకోకండి, మీ వాటర్ మ్యాన్ సంగతి కూడా ఇందులోదే. పైనుంచి మీకు వచ్చిన మాట మీ మీదుగా ఆయన దాకా జారింది. జీతం రాని మనిషిని జీతం దేనికని అడిగాక, రేపు ఇంకో వీధిలో పైపు పగిలితే ఆయన మీ దగ్గరకు వస్తాడా? మట్టి కప్పేసి పోతాడు. ఊళ్లో నీటి సంగతి అందరికన్నా ముందు తెలిసేది ఆయనకే. అందరి ముందూ అన్న మాటకు అందరి ముందే "ఆ రోజు అలా అనకూడదు, తప్పు నాది" అని చెప్పండి. ఆయన జీతం బిల్లు ఎక్కడ ఆగింది, తీర్మానం దగ్గరా, సంతకం దగ్గరా, ట్రెజరీలోనా, కనుక్కుని ఆ ముక్క ఆయనకు చెప్పండి. డబ్బు వెంటనే రాకపోవచ్చు. తన బిల్లు ఏ బల్ల మీద ఉందో తెలిసిన మనిషికీ, ఏమీ తెలియక ఎదురుచూసే మనిషికీ చాలా తేడా ఉంటుంది.

ఇప్పుడు ఆ అర్జీ. సైకిల్ ట్యూబు ఎందుకు చాలదో ఒకసారి చూద్దాం. మీ ఊళ్లో నీళ్లు వచ్చేది పొద్దున గంటసేపని రాశారు. ఆ గంటా పైపులో ఒత్తిడి ఉంటుంది గనుక నీళ్లు బయటికి కారతాయి, ట్యూబు దాన్ని కొంత ఆపుతుంది. నీళ్లు కట్టేశాక పైపు ఖాళీ అవుతూ లోపలికి పీలుస్తుంది. పక్కనే మురుగు కాలువ ఉంటే అదే సందులోంచి మురుగు లోపలికి పోతుంది. మర్నాడు వదిలిన మొదటి బిందెల్లో వాసన అందుకే. పైకి కారడం ఆగింది కాబట్టి ఫొటోలో అంతా బాగుంటుంది, ప్రమాదం మాత్రం అలాగే ఉంటుంది. అర్జీ క్లోజయింది గనుక ఇక ఎవరూ అటు చూడరు కూడా. రేపు ఆ వీధిలో విరేచనాలు మొదలైతే వచ్చిన అధికారులు ముందు అడిగేవి క్లోరినేషన్ రిజిస్టరు, ట్యాంకు కడిగిన తేదీలు. ఆ తర్వాత ఈ అర్జీ బయటికి వస్తుంది. అందులో ఉండేది మీ లాగిన్, మీ ఫొటో, మీ వాక్యం. ఆ సాయంత్రం వచ్చిన ఫోను ఏ కాగితంలోనూ ఉండదు. మిమ్మల్ని భయపెట్టడానికి ఈ మాట అనడం లేదు. "అందరిలా సర్దుకుపోనా" అన్న మీ నాలుగో దారికి అసలు ఖరీదు ఇదీ అని చెబుతున్నాను. ఆ దారిలో మొదటి నెల చాలా హాయిగా ఉంటుంది. ఆ తర్వాత దాచిన సంగతులు ఒకదాని మీద ఒకటి పేరుకుంటాయి, ప్రతి తనిఖీకీ ఏది బయటపడుతుందోనని ఉలిక్కిపడాల్సి వస్తుంది.

దాన్ని సరిచేయడానికి రెండు మార్గాలున్నాయి. ఒకటి, ఆ పెద్దాయన చేత ప్రభుత్వ ఫిర్యాదుల నంబరు 1100కి ఫోను చేయించి అర్జీ తిరిగి తెరిపించడం. దీనివల్ల మీ పేరు ఎర్ర జాబితాకి ఎక్కుతుంది, ఎందుకంటే తిరిగి తెరిచిన అర్జీలను కలెక్టరేట్‌లో విడిగా లెక్కపెడతారు. ఆ రాత్రి టెలికాన్ఫరెన్స్‌లో మాట పడటం దాదాపు ఖాయం. కానీ అంచనా వేయించడానికీ, నిధులు అడగడానికీ మీకు గట్టి ఆధారం దొరుకుతుంది. రెండోది, అర్జీని కదపకుండా పని పూర్తి చేయించి, ఆయన చేత నీళ్లు చూపించి, రిజిస్టరులో రాసుకోవడం. ఇది మర్యాదగా సాగుతుంది. అయితే వారం పది రోజుల్లో పని జరిగే వీలుంటేనే ఈ దారి పట్టండి. నెలలు పట్టేటట్టుంటే మొదటిదే మేలు, మాట పడినా సరే.

పని విషయంలో ముందు తేల్చుకోవాల్సింది ఆ పైపు ఎవరిదన్నది. ఊళ్లో వీధులకు పంచే లైను పంచాయతీ చూసుకోవాలి. బయటి స్కీము నుంచి ట్యాంకుకి వచ్చే పెద్ద లైనైతే గ్రామీణ నీటి సరఫరా విభాగం ఏఈకి రాయాలి. జాయింటు ఒక్కటే పోతే అది ఫిట్టరు ఒక పూటలో చేసే పని. పైపే కాలువను ఆనుకుని ఉంటే జాయింటు మార్చినా ఆర్నెల్లకు మళ్లీ ఇదే కథ. ఆ ముక్కను కాలువకు దూరంగా, వీలైతే కాలువ అడుగు మట్టం కన్నా ఎత్తున వేయించాలి. ఇంజినీరింగ్ అసిస్టెంటుతో కలిసి టేపు పట్టి కొలిచి, అంచనా కాగితం మీద పెట్టించండి. 15వ ఆర్థిక సంఘం పంచాయతీలకిచ్చిన నిధుల్లో 60 శాతం తాగునీరు, పారిశుధ్యం పద్దు కిందే ఖర్చుపెట్టాలన్నది నిబంధన. ఆ ఖాతాలో ఏం మిగిలిందో చూడండి. చిన్న మరమ్మతైతే సాధారణ నిధుల్లోంచి తీర్మానంతో చేయవచ్చు. సర్పంచ్‌కి ఆ వీధి ఓట్ల సంగతి మీకన్నా బాగా తెలుసు. అంచనా కాగితం చేతిలో పెట్టి అడిగితే కాదనేవారు తక్కువ.

ఇకముందు గడువు ముంచుకొచ్చిన అర్జీకి ఏం రాయాలి? వ్యాఖ్య రాసే గడిలో జరిగింది జరిగినట్టు రాయండి. ఇలా రాయవచ్చు: "ఫలానా తేదీ ఉదయం 5.40కి నీరు వదిలిన సమయంలో అర్జీదారు, వాటర్ మ్యాన్ సమక్షంలో పరిశీలించాను. మురుగు కాలువకు అడుగు దూరంలో పైపు జాయింటు వద్ద లీకు ఉన్నది. తాత్కాలికంగా కట్టు వేయించాను. శాశ్వత మరమ్మతు మిగిలి ఉన్నది. అంచనాకు ఇంజినీరింగ్ అసిస్టెంటుకు ఫలానా తేదీన రాశాను. అప్పటివరకు ఆ వీధికి వేరే నీటి ఏర్పాటు చేశాను." ఎప్పుడు చూశారు, ఎవరి ముందు చూశారు, ఏం కనబడింది, ఏం చేశారు, ఏం మిగిలింది, అది ఎవరి చేతిలో ఉంది. ఈ ఆరూ ఉంటే మీ మీద ఎవరైనా ఆలస్యమనే మాట వేయగలరు గానీ అబద్ధమనే మాట వేయలేరు. వేరే శాఖది అయితే మీ దగ్గర క్లోజ్ చేయకండి, ఆ శాఖకు పంపండి.

"క్లోజ్ చెయ్యి" అని ఫోను వస్తే ఎదిరించనక్కర్లేదు. ఫోను పెట్టేశాక ఆ అధికారికి ఒక్కరికే, గ్రూపులో కాకుండా, మర్యాదగా మెసేజ్ పెట్టండి: "సర్, మీరు ఇప్పుడు ఫోనులో చెప్పిన ఫలానా అర్జీ విషయం. పని పూర్తి కాలేదు కాబట్టి తాత్కాలిక మరమ్మతు అని రాసి అప్‌లోడ్ చేస్తున్నాను." చాలామంది దానికి జవాబివ్వరు. జవాబివ్వకపోయినా మీ వైపు నుంచి రాత ఉంటుంది. కొందరికి కోపం వస్తుంది, దానికి సిద్ధపడే పెట్టండి. రోజూ ప్రతి మాటకీ ఇలా పెడితే మీరు కయ్యానికి కాలు దువ్వుతున్నట్టు ఉంటుంది. జనం ఆరోగ్యానికో, డబ్బుకో, భూమికో సంబంధించిన చోట మాత్రమే వాడండి.

మెమో వస్తుందేమోనన్న భయం మీ ఉత్తరంలో ప్రతి వరసలోనూ కనబడింది. మెమో శిక్ష కాదు, వివరణ అడిగే కాగితం. ప్రభుత్వోద్యోగుల క్రమశిక్షణకు సంబంధించిన 1991 నాటి సీసీఏ రూల్స్ ప్రకారం చిన్న శిక్షల్లో అన్నిటికన్నా చిన్నదైన అభిశంసన వేయాలన్నా ఆరోపణ రాతలో ఇచ్చి, మీ జవాబు తీసుకోవాలి. పెద్ద శిక్షకు పూర్తి విచారణ జరగాలి. చాలామంది చేసే పొరపాటు, మెమో అందగానే కంగారుపడి క్షమాపణ పత్రం రాసివ్వడం. తప్పు జరిగిందో లేదో తేలకముందే అది ఒప్పుకోలు అయిపోతుంది. గడువులోపు, ఒక పేజీలో, తేదీలతో, రిజిస్టరు నకలు జతచేసి జవాబివ్వండి. అందిన ప్రతి మెమోకీ, ఇచ్చిన ప్రతి జవాబుకీ ఒక నకలు ఇంట్లో ఫైల్లో ఉంచండి.

ఇక మీ పైఅధికారి. ఆయన మాట తీరు తప్పు, అందులో సందేహం లేదు. అయితే జిల్లా వీడియో కాన్ఫరెన్స్‌లో మండలాల పేర్లూ ఎర్ర రంగులోనే పడతాయి. ఆయనకు పడిన మాటే మీ దాకా వస్తోంది. ఇది తెలిస్తే ఆయనతో ఎలా మాట్లాడాలో తెలుస్తుంది. "ఒత్తిడిగా ఉంది సర్" అంటే "నాకు లేదా?" అంటారు, మాట అక్కడితో ఆగిపోతుంది. లెక్క తీసుకెళ్లండి. రెండు వారాలపాటు ఒక చిన్న నోటుబుక్కులో ప్రతి పనికీ నాలుగు గళ్లు రాయండి: ఎవరు అడిగారు, ఏం అడిగారు, ఎన్ని నిమిషాలు పట్టింది, అది ఊరి పనా, లెక్క చెప్పే పనా. ఒకే అంకెను మూడు గ్రూపుల్లో మూడు ఫార్మాట్లలో ఎన్నిసార్లు పెట్టారో అందులో తేలుతుంది. సర్వేలకూ ఇదే పద్ధతి. ఒక ఇంటికి నడకతో కలిపి 12 నిమిషాలు పడితే 300 ఇళ్లకు 60 గంటలు. రోజుకు ఎనిమిది గంటలు ఇంకో పని ముట్టకుండా తిరిగినా ఏడున్నర రోజులు. మూడు రోజుల్లో ఇవ్వమన్నారంటే ఏ ఇళ్లు ఊహించి నింపాలో కూడా ఆయనే చెప్పాలి. సర్వర్ పడిపోయిన గంటలు కూడా రాయండి.

ఒక్క పేజీకి కుదించి, ఇంకో ఇద్దరు ముగ్గురు కార్యదర్శులతో కలిసి వెళ్లండి. సోమవారం వద్దు, కలెక్టర్ సమీక్షకు ముందు రోజు వద్దు, పింఛన్ల రోజు అసలే వద్దు. అడిగేవి మూడే ఉండాలి. అన్ని అంకెలూ సాయంత్రం అయిదింటికి ఒకే ఫార్మాట్లో ఒక్కసారి ఇస్తాం. రాత్రి కాన్ఫరెన్స్ అత్యవసరమైతేనే పెట్టండి. పొరపాటుంటే ఫోను చేసి మాకే చెప్పండి, గ్రూపులో వద్దు. దీనివల్ల ఆయనకేమిటి లాభమంటే, తిరిగి తెరుచుకునే అర్జీలు తగ్గుతాయి, జిల్లాలో ఆయనకు మాట పడేది వాటి దగ్గరే. మూడూ ఒప్పుకోరు. మొదటిది ఒప్పుకుంటే మీ సాయంత్రం ఒక గంట మిగులుతుంది, దాంతో సంతోషపడండి.

ఒప్పుకోకపోతే తర్వాతి మెట్టు సంఘం తరఫున జిల్లా పంచాయతీ అధికారికి వినతి. అందరి సంతకాలతో, మనిషి మీద కాకుండా పని పద్ధతి మీద. ఒంటరిగా వెళితే మీ పేరు మర్నాడే మండలంలో తెలిసిపోతుంది, ఆ తర్వాత ఒకట్రెండు నెలలు ప్రతి చిన్నదానికీ కాగితం వస్తుంది. ఆకాశరామన్న ఉత్తరం మాత్రం రాయకండి. అది చెత్తబుట్టలోకి పోతుంది, అనుమానం మాత్రం అందరి మీదా మిగులుతుంది, మీలో మీకు నమ్మకం పోతుంది. రాత్రి కాన్ఫరెన్స్‌లో ఆడవాళ్లను వీడియో ఆన్ చేయమంటున్నారని ఒక ముక్క రాశారు. వేషం మీదో ఒంటి మీదో మాట దొర్లితే అది వేరే సంగతి అవుతుంది. పనిచేసే చోట ఆడవాళ్లపై లైంగిక వేధింపుల్ని అరికట్టే 2013 చట్టం కింద మూడు నెలల్లోపు ఫిర్యాదు చేయాలి. పది మంది లేని ఆఫీసైతే జిల్లాలోని స్థానిక కమిటీ వింటుంది. ఆ రోజు, టైము, విన్నవాళ్ల పేర్లు అప్పుడే రాసిపెట్టుకోండి.

సచివాలయం లోపల మాత్రం మీరు అడిగితే అయ్యేవి కొన్నున్నాయి. రోజూ హాజరు వేయగానే పది నిమిషాలు, కూర్చోకుండా, నోటీసు బోర్డు దగ్గర నిలబడి మాట్లాడుకోండి. ప్రతి ఒక్కరూ ఈరోజు ఎటు వెళుతున్నారు, ఏది ఆగిపోయింది, ఎవరి సాయం కావాలి, అంతే. పశుసంవర్ధక అసిస్టెంటు చివరి వీధికి వెళుతుంటే అక్కడి రెండు సర్వే ఇళ్లు ఆయన చూసుకుంటాడు, బదులుగా ఆయన అర్జీలు డిజిటల్ అసిస్టెంటు ఎక్కిస్తుంది. ఇలా ఇచ్చిపుచ్చుకుంటే "మా డిపార్ట్‌మెంట్ కాదు" అన్న మాట దానంతటదే తగ్గుతుంది, ఎందుకంటే ఇప్పుడు ఆయనకూ తిరిగి అందేది ఉంది. ఆ పది నిమిషాల్లో ఎవరినీ మందలించకండి. "ఇది నా వల్ల ఆగింది" అని మొదట మీరే ఒకటి చెప్పండి. ఒకటి రెండు వారాలు ఎవరూ ఏమీ చెప్పరు, ఊరుకోండి. మూడో వారం ఎవరో ఒకరు చెబుతారు. అప్పుడు మీరు ఎలా స్పందిస్తారన్నదాని మీదే మిగతా అంతా ఉంది.

పని చేసేవాళ్లకే పని పడుతోందన్నారు. అది నిజం, దానికి కారణంలో మీ వాటా కూడా ఉంది. హడావిడిలో మీరూ నమ్మకస్తుల్నే పిలుస్తారు. నెలకొకసారి పని పంపకం కాగితం మీద రాసి గోడకు అంటించండి. చేయగల అమ్మాయికి పదో పని ఇచ్చేముందు ఆమె దగ్గర్నుంచి ఒకటి తీసి ఇంకొకరికి ఇవ్వండి. రెండోవాళ్లు మొదట పాడుచేస్తారు. చేయనివ్వండి.

బదిలీ గురించి. పాప, ఇల్లు, భర్త ఉద్యోగం దృష్ట్యా అవసరమైతే బదిలీలు తెరిచినప్పుడు తప్పకుండా పెట్టుకోండి. ఈ బాధ నుంచి తప్పించుకోవడానికే అయితే ఒకసారి ఆలోచించండి. పక్క మండలంలోనూ డ్యాష్‌బోర్డు అదే. అధికారి మాట తీరు మెత్తగా ఉండవచ్చు, అది చిన్న లాభం కాదు. కానీ కొత్త ఊళ్లో ఏ వాల్వు ఎక్కడుందో, ఏ వీధి ఎవరి మాట వింటుందో తెలుసుకోవడానికి ఏడాది పడుతుంది. వెళ్లేముందు అక్కడి కార్యదర్శులు ఇద్దరితో మాట్లాడండి. రాత్రి కాన్ఫరెన్స్‌లు ఎన్ని, తప్పు జరిగితే ఏం చేస్తారు అని అడగండి, అది చాలు.

బ్యాంకు పరీక్షలు రాయాలనుకోవడంలో తప్పేమీ లేదు. కాకపోతే ముందు రాజీనామా ఇచ్చి తర్వాత చదవడం వద్దు. నిద్ర లేని బుర్రతో తీసుకునే పెద్ద నిర్ణయం ఏదైనా మూడు నెలలు వాయిదా వేయండి. బ్యాంకుల్లోనూ లక్ష్యాలుంటాయి, అక్కడా ఎర్ర రంగు ఉంటుంది. మీకు ఈ పని ఇష్టమా, ఇష్టమైన పనిని ఇలా చేయాల్సి రావడం కష్టమా అన్నది ఆ మూడు నెలల్లో తెలుస్తుంది. మీ ఉత్తరం చదివితే నాకు రెండోదే అనిపించింది. నేను పొరబడి ఉండవచ్చు, తేల్చుకోవాల్సింది మీరు.

నిద్ర సంగతి వాయిదా వేయకండి. వారాల తరబడి రాత్రి రెండింటికి మెలకువ, మెట్ల దగ్గర దడ అంటే డాక్టరుకు చూపించుకోవాల్సిన సంగతే. బీపీ, థైరాయిడ్, రక్తహీనత పరీక్ష చేయించుకోండి. 14416కి ఫోను చేస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ వాళ్లు తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు పెట్టాల్సిన పని లేదు. పాప పడుకున్నాక ఫోను వంటింట్లో చార్జింగు పెట్టి, అత్యవసరమైతే ఫోనే చేస్తారన్న ధైర్యంతో గ్రూపులు మ్యూట్ చేయండి. మొదటి మూడు రాత్రులు చేయి అటే లాగుతుంది.

ఇవన్నీ ఒక్క వారంలో మొదలుపెట్టకండి. రేపు పొద్దున ఒక్క పని చేయండి. ముందు ట్యాంకు దగ్గరికి వెళ్లండి. 40 వేల లీటర్ల ట్యాంకన్నారు, 25 శాతం క్లోరిన్ ఉన్న బ్లీచింగ్ అయితే వెయ్యి లీటర్లకు నాలుగు గ్రాముల చొప్పున 160 గ్రాములు. బకెట్లో కలిపి, తేరాక పైన తేట మాత్రమే పోయించి, అరగంట ఆగి నీళ్లు వదలమనండి. నోరు తెరిచి ఉంచిన పాత బస్తాలోదైతే అందులో క్లోరిన్ చాలావరకు పోయి ఉంటుంది, కొత్త బస్తా తీయించండి. తర్వాత వాటర్ మ్యాన్‌ను వెంటబెట్టుకుని ఆ పెద్దాయన కుళాయి దగ్గరికి వెళ్లండి. మొదటి బిందె పారబోయించి, రెండో బిందెలో నీళ్లు పరీక్ష గొట్టంలో పట్టి క్లోరిన్ పరీక్ష మందు చుక్కలు వేయండి. లీటరుకు 0.2 మిల్లీగ్రాములైనా క్లోరిన్ ఉంటే పసుపు తేలుతుంది. వీధి మొదట్లో పసుపు వచ్చి ఆయన దగ్గర రాకపోతే మధ్యలో మురుగు కలుస్తోందని చాలావరకు తేలినట్టే. అప్పుడు బ్యాక్టీరియా పరీక్ష సీసాలోనూ అవే నీళ్లు పట్టి ఉంచండి. రెండు రోజుల్లోపు నల్లబడితే ఇక అనుమానమే అక్కర్లేదు. అంతవరకు ఆగకుండా, పసుపు తేలకపోయిన ఆ పూటే ఆ వీధికి ట్యాంకరు పెట్టించి, కుళాయి నీళ్లు కాచనిదే తాగవద్దని ఇంటింటికీ చెప్పించండి. గొట్టంలో రంగు పెద్దాయనకు చూపించండి. ఆయనకు చదవడం రాదు గానీ రంగు తెలుస్తుంది. ఆ రోజు మెసేజ్‌లో ఉన్నది నిజం కాదని, పైపు ఎప్పటికి మారుస్తారో అంచనా వచ్చాక మీరే వచ్చి చెబుతారని అక్కడే, వాటర్ మ్యాన్ వింటుండగా చెప్పండి.